పళ్లెం వినిపించే మేర

1958 నవంబరు 17, కార్తీక సోమవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. కావలిలో ఒక డాక్టరు గారి వసారా గోడకు గడియారం ఉండేది. ఆ టైము దాంట్లో చూసిందే, అందాజాగా చెబుతున్నది కాదు.

వసారా ముందు మా ఒంటెద్దు బండి ఆగి ఉంది. బండిలో మా అత్త కూర్చుని ఉంది. పడుకోబెడితే ఊపిరి అందదు. అందుకని ఆమె వీపుకు నా వీపు ఆనించి, తెల్లవారింది మొదలు అలాగే కూర్చోబెట్టి తీసుకొచ్చాం. దోవంతా వాన బురద. కావలి చేరేసరికి ఆమె పెదవులు నేరేడు పండు తిన్నట్టుగా అయ్యాయి. నోట్లోంచి మాట రావడం ఎప్పుడో ఆగిపోయింది. సన్నటి కూత ఒకటే వస్తోంది. అది ఆమె వీపులోంచి నా వీపులోకి తెలుస్తోంది.

మా అత్త నాకు రెండు విధాల అత్త. మా నాన్నకు తోడబుట్టిన చెల్లెలు, మా ఆయనకు తల్లి. జువ్వలదిన్నెకు దక్షిణంగా సముద్రం ఒడ్డున మా పల్లె. మా నాన్న చిన్నతనంలోనే వల వదిలేసి రైలు పట్టాల పనికి పోయి మనుబోలులో ఉండిపోయాడు. అందువల్ల నాకు ఎనిమిదో తరగతి దాకా చదువు అబ్బింది. ఆయన పోయాక మా అత్త వచ్చి, "నా అన్న బిడ్డ నా ఇంటికే రావాల" అని పట్టుబట్టి నన్ను కోడలిగా చేసుకుంది. అప్పటికే ఆమెకు ఉబ్బసం. నెత్తళ్ల చేపలు ఎండబెట్టే రోజుల్లో ఆ దుమ్ముకు, కార్తీకంలో చలిగాలికి తిరగబెట్టేది. ఎండిన ఉమ్మెత్తాకు నిప్పుల మీద వేసి పొగ పీలిస్తే ఏదో కొంచెం సర్దుకునేది. ఈసారి సర్దుకోలేదు.

డాక్టరు గారు పెద్దాయన. ఆమెను బండి దించమని కూడా అనలేదు. గోళ్ల రంగు చూసి లోపలికి పోయి, సూది పట్టుకుని చెప్పులు కూడా లేకుండా బయటికి వచ్చాడు. దండచేతి మీద చర్మాన్ని చిటికెతో లేపి, సూది దాని కిందికి పోనిచ్చి, మందు కొంచెం కొంచెంగా ఎక్కించాడు. ఎక్కించిన చోట బొటనవేలితో రుద్దాడు.

"ఇంక గడియారం చూస్తా ఉండండి" అన్నాడు.

నేను చూశాను. మూడు నిమిషాలు ఏమీ లేదు. నాలుగో నిమిషంలో మెడ దగ్గర గుంటలు పడుతున్న చోట కొంచెం సడలింది. ఆ తర్వాత కూత మధ్యలో తెగిపోయి, మళ్లీ వచ్చి, మళ్లీ తెగింది. పదో నిమిషానికి ఆమె తల ఎత్తింది. ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయి, చేతులు గజగజ వణుకుతున్నాయి. మా ఆయన్ను చూసి, "ఒరేయ్, ఎద్దుకు నీళ్లు పెట్టినావా లేదా?" అంది.

మా ఆయన బండి చక్రం పట్టుకుని ఏడ్చాడు.

"ఏం మందు సామీ ఇది?" అని అడిగాడు.

"అడ్రినలిన్. ఇది మన ఒంట్లో కూడా ఊరుతుంది. నువ్వు తెప్ప మీద ఉన్నప్పుడు పెద్ద అల లేస్తే గుండె దడదడ కొట్టుకోదా? ఆ దడ పుట్టించేది ఇదే. అదే మూసుకుపోయిన ఊపిరి గొట్టాలను తెరుస్తుంది" అన్నాడు డాక్టరు గారు. తర్వాత మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, "ఇంకో గంట ఆలస్యమైతే ఈమెను ఇదే బండిలో ఊరికే వెనక్కి తీసుకుపోయేవాళ్లు. ప్రతిసారీ ఇంత దూరం రాలేరు. మీలో చదువుకున్నవాళ్లు ఎవరు?" అన్నాడు.

మా ఆయన నా వైపు చూపించాడు.

మూడు రోజులు సత్రంలో ఉన్నాం. డాక్టరు గారు నాకు వంకాయ మీద సూది వేయడం నేర్పించాడు. గాజు సిరంజి, సూది పది నిమిషాలు మరిగించాలి. ఆంప్యూలు మెడ మీద చిన్న ఆకురాయితో గీత గీసి విరవాలి. అందులో సగం, అంటే అర సీసీ, చర్మం కింద ఇవ్వాలి. మందు ఎక్కించే ముందు పిడి కొంచెం వెనక్కి లాగి చూడాలి. రక్తం వస్తే నరంలో పడ్డట్టు, వెంటనే తీసేయాలి. పావుగంట చూసి, తగ్గకపోతే మిగతా సగం. నేను తప్పు లేకుండా అప్పజెప్పాను. ఆయనకు సంతోషమైంది.

"ఇంకొకటి. దీనికి ఎండ పడదు, వేడి పడదు. మందు నీళ్ల మాదిరి తేటగా ఉండాలి. ఎర్రబడిందా, అది మందు కాదు, పారెయ్. మీ ఇంట్లో చల్లగా, చీకటిగా ఉండే చోటు ఏది?"

"నీళ్ల కుండ కింద ఇసుక" అన్నాను.

మా వైపు ఇళ్లల్లో తాగే నీళ్ల కుండను ఒక మూల తడి ఇసుక గుట్ట మీద పెడతారు. కుండ నుంచి ఊరే నీళ్లతో ఆ ఇసుక వేసవిలో కూడా చల్లగా ఉంటుంది. డాక్టరు గారు అంతకంటే మంచి చోటు కావలిలో తన ఇంట్లో కూడా లేదన్నాడు. ఆంప్యూళ్లను నల్లగుడ్డలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి, డబ్బాను ఆ ఇసుకలో పూడ్చాం. వాడేటప్పుడు తప్ప గుడ్డ విప్పకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను. ఆ మాట నేను పెట్టిన కట్టుబాటే.

మొదటి సూది నేను పుష్యమాసంలో వేశాను. సూది సరిగ్గానే దిగింది. అత్త ముఖంలోకి మాత్రం చూడలేకపోయాను, గోళ్లనే చూస్తూ కూర్చున్నాను. అవి మళ్లీ ఎర్రబడుతుంటే నాకు గర్వంగానే ఉంది. పల్లెలో నాకు సూదమ్మ అని పేరు వచ్చింది. ఒకసారి కాలికి టేకి చేప ముల్లు గుచ్చుకున్న మనిషిని మోసుకొచ్చి వాకిట్లో కూర్చోబెట్టారు.

"సూదమ్మా, పానం పోసే సూది నీ కాడ ఉండాదంట గదా, ఇతనికీ ఒకటి గుచ్చు."

"ఇది ఉబ్బసానికేనన్నా. కావలికి తీసుకపోండి."

"అత్తకైతే అమృతం, మాకైతే కావలి!" అని ఆ మనిషి కాలు పట్టుకునే నవ్వాడు. మూడో రోజుకు లేచి తిరిగాడు గాని, ఆ మాట మాత్రం ఏళ్ల తరబడి పల్లెలో తిరిగింది.

గర్వం ఆరు నెలలు నిలిచింది. ఆ తర్వాత నాకు ఒక సంగతి అర్థమైంది. డబ్బా ఇసుకలో ఉంది, సిరంజి మా ఇంట్లో ఉంది, ఆ రెండింటినీ కలిపేది నేను ఒక్కదాన్నే. అందువల్ల నేను కూడా ఆ ఇసుకలో ఉన్నట్టే.

మొదట్లో నేను నీళ్లకు పోయినా, చేపలు ఆరబెట్టే చోటికి పోయినా ఇంట్లో అందరూ ఆదుర్దా పడేవాళ్లు. అందుకని మా తోడికోడలు ఒక ఏర్పాటు చేసింది. ఆమె మా బావగారి భార్య, నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. అత్తకు ఆయాసం మొదలైతే ఆమె సొట్ట పోయిన అల్యూమినియం పళ్లెం తీసుకుని గరిటెతో బాదుతుంది. ఆ మోత విని నేను పరుగెత్తి రావాలి. కాబట్టి ఆ మోత వినిపించేంత దూరమే నేను పోవచ్చు.

ఆ దూరం ఎంతో కాలాన్ని బట్టి మారేది. వేసవిలో దక్షిణపు గాలి తోలేటప్పుడు మోత ఉత్తరానికి కొట్టుకుపోతుంది. అప్పుడు సరుగుడు తోపు దాకా పోయేదాన్ని. ఈశాన్యపు గాలి తిరిగాక ఊరి బావి దాకానే. అలల హోరు ఎక్కువగా ఉన్న రోజు ఒడ్డుకు పోతే ఏమీ వినపడదు గనుక, ఇంటికి కూతవేటులో ఉన్న సముద్రాన్ని నేను నెలల తరబడి దగ్గరగా చూడలేదు. ఇప్పటికీ ఎక్కడికైనా పోతే గాలి ఎటునుంచి వస్తోందా అని ముందు చూసుకుంటాను.

ఆ ఏళ్లలో నేను అడిగింది ఒకటే. మనుబోలు పోయి మా అమ్మ దగ్గర నాలుగు రోజులు ఉండి వస్తానని. మా అమ్మ, తమ్ముడు అక్కడే ఉన్నారు. బిట్రగుంట దాకా బండి, అక్కడి నుంచి ప్యాసింజరు. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

"పోవద్దని ఎవరన్నారు మే? పో" అనేది మా తోడికోడలు. "ఆమెకు ఊపిరి ఆగితే మాత్రం నన్ను అడగొద్దు."

"నువ్వు నేర్చుకో అక్కా. నాలుగు రోజులకేగదా."

"అమ్మో! మనిషిని పొడిచేది నా వల్ల కాదు."

"ఇదిగో, సొరచేప పొట్ట చీల్చేదానికి దీని చెయ్యి వణకదు" అని అత్త మంచం మీది నుంచి అనేది. "నన్ను గిచ్చమంటే వణుకుతాది. నేను సొర కంటే భయంకరంగా ఉండానా?"

మా ఆయనకు నేర్పించాను. వంకాయ మీద నాకంటే బాగా వేశాడు. వల కుట్టే చేతులు, సూది వంకర పోదు. కాని నిజంగా ఆయాసం వచ్చిన రోజు, అత్త చెయ్యి పట్టుకుని, సూది చర్మం దాకా తెచ్చి ఆగిపోయాడు. "కన్నతల్లి ఒంట్లో ఇనుము దించమంటావా?" అన్నాడు. సూది నేను లాక్కోవలసి వచ్చింది. బావగారు అసలు ముట్టుకోలేదు. ఆ రోజు సాయంత్రం అన్నదమ్ములిద్దరూ తల్లికి కాళ్లు పట్టారు. ఆమె మాత్రం, "మీరు కాళ్లు పిసికితే ఊపిరి రాదురా, లేచి వల చూసుకోండి" అంది.

1960 జనవరిలో నాకు ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి ఈసారి కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. అత్తే ఉపాయం చెప్పింది. "నేనూ దాంతో పోతా. మనుబోలులో మా వదినతో ఉంటా. సూదీ అక్కడే ఉంటాది, సూదమ్మా అక్కడే ఉంటాది." అందరం నవ్వుకున్నాం. తడి ఇసుక నింపిన ముంతలో డబ్బా పెట్టుకుని, అత్తా నేనూ మా ఆయనా బిట్రగుంటకు పోయాం.

బిట్రగుంటలో ఇంజన్ల షెడ్డు ఉంది. ఆ కాలంలో అన్నీ బొగ్గు ఇంజన్లే. మేము ప్లాట్‌ఫారం మీదికి పోయేసరికి గాలి పడిపోయి, పొగ అంతా నేల మీదికి దిగింది. అత్త రెండుసార్లు దగ్గింది. మూడోసారి దగ్గు రాలేదు, కూత వచ్చింది. సిరంజి పొద్దున మరిగించి శుభ్రమైన గుడ్డలో పెట్టుకున్నదే. పొట్టతో వంగలేక, నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, చుట్టూ జనం గుంపు కట్టి చూస్తుండగా ఆమె చేతికి సూది వేశాను. ఎవరో, "నర్సమ్మకే నెలలు నిండినట్టుండాయే" అన్నారు. నేను ఆమె గోళ్లు చూస్తూ ఉండగా మా రైలు వచ్చింది, ఆగింది, పోయింది. దాని ఇంజను వదిలిన పొగ వల్ల మిగతా సగం కూడా ఇవ్వవలసి వచ్చింది.

ఊపిరి తిరిగాక ఆమె నా ముఖం చూసి, "ఇంటికి పోదాంరా" అని కొడుకుతో అంది. నన్ను అడగలేదు. నేను కూడా అడగమనలేదు. ఒంటెద్దు బండి తూర్పుకు తిరిగింది. మార్చిలో మా అబ్బాయి పల్లెలోనే పుట్టాడు. మా అమ్మే వచ్చి నెల రోజులు ఉండి చేసి పోయింది. నాకు నొప్పులు వస్తున్నప్పుడు కూడా పక్క గదిలో అత్త ఎట్లా దగ్గుతోందో నాకు తెలుసు.

ఒకటి చెప్పాలి. సూది వేసిన తర్వాత ఒక అరగంట ఆమెకు గుండె వేగంగా కొట్టుకునేది, కంటికి నిద్ర ఉండేది కాదు. ఆ అరగంట నా చెయ్యి వదిలేది కాదు. మామూలుగా పొడిపొడిగా మాట్లాడే మనిషి, అప్పుడు ఆపకుండా మాట్లాడేది. మా అమ్మను పెళ్లిచూపుల్లో చూసి తను, "ఇంత పొట్టి వదిన నాకొద్దు" అన్నదట. పెళ్లయ్యాక ఆ పొట్టి వదినే తనకు ఈత నేర్పిందట. సముద్రం ఒడ్డున పుట్టి ఈత రాని పిల్ల తనొక్కతేనట. "మీ అమ్మది గట్టి చెయ్యి మే, నీది ఆమె చెయ్యే" అనేది. అరగంట అయ్యాక చెయ్యి వదిలేసి, "పో, పొయ్యి మీద ఏముందో చూసుకో" అనేది. నన్ను కట్టిపడేసిన మనిషిని ద్వేషించాలని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆ అరగంటలు అడ్డం వచ్చేవి.

1964 ఏప్రిల్ నెలాఖరులో తమ్ముడు కార్డు రాశాడు. అమ్మకు కడుపులో గడ్డ అని, నెల్లూరులో చూపించామని, కోసినా లాభం లేదన్నారని, ఆమె రోజూ వాకిట్లో మంచం వేయించుకుని స్టేషను వైపు చూస్తోందని. ఆ కార్డు నేను పైకి చదవలేదు. అత్తే నా ముఖం చూసి, "చదువు" అంది. చదివాను.

మర్నాడు పొద్దున, తెగిన వల ఒడిలో వేసుకుని కుడుతూ, "ఆ సూది నాకు నేర్పించు" అంది.

"ఎవరికి వెయ్యడానికి?"

"ఎవరికో ఏంది? నాకే. నా తొడ నాకు అందదా? యాభై ఏళ్లుగా సూది పట్టుకుంటుండా. కొడుకులకు పాపం, కోడలికి భయం. నా ఒళ్లు నేను పొడుచుకుంటే ఎవురికి పాపం?"

అయిదున్నర సంవత్సరాలలో మాలో ఎవరికీ తట్టని సంగతి ఇది. డాక్టరు గారికి కూడా తట్టలేదు. రోగిష్టి మనిషిని మేమంతా సూది పొడిపించుకునే మనిషిగానే చూశాం. వంకాయ మీద రెండు రోజులు చాలింది. మే ఒకటిన, శుక్రవారం పొద్దున, తేలికగా ఆయాసం వచ్చినప్పుడు నేను పక్కన కూర్చున్నాను. ఊపిరికి భుజాలు ఎగురుతుండగానే ఆమె తొడ మీద చర్మం చిటికెతో లేపి, సూది దించి, పిడి వెనక్కి లాగి చూసి, అర సీసీ ఎక్కించుకుంది. గీత తప్పలేదు. "ఇంతేనా?" అంది. "దీనికా నిన్ను ఇన్నాళ్లు కూర్చోబెట్టింది?"

సోమవారం నాడు పోవాలని నిర్ణయించాం. మా ఆయన కావలి పోయి కొత్త ఆంప్యూళ్లు తెచ్చాడు. నల్లగుడ్డలో చుట్టి పెట్టాను, ఆరు.

ఆదివారం మా దాయాదుల్లో ఒక ముసలాయన పోయాడు. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే పోయాడు. ఆయనకు మంచి చావే. మాకు మాత్రం మైల. పదకొండో రోజు శుద్ధి అయ్యే దాకా ఇంకొకరి గడప తొక్కకూడదు. అందులోనూ జబ్బు మనిషి ఉన్న ఇంటికి అసలు పోకూడదు. ఒడ్డున తెప్పలు కూడా దిగలేదు. నేను కట్టిన మూట విప్పి చీరలు మళ్లీ దండెం మీద వేశాను. తమ్ముడి దగ్గర నుంచి ఇంకొక కార్డు వచ్చింది. అమ్మ అన్నం మానేసి గంజి తాగుతోందని.

పదకొండో రోజు మే పదమూడు. మైల తీరే రోజు ప్రతి దాయాది ఇంట్లోనూ పాత మట్టికుండలన్నీ బయట పారేస్తారు. ఇల్లు అలుకుతారు. ఇత్తడి, రేకు సామాన్లు చింతపండుతో తోమి ఎండలో బోర్లిస్తారు. నేను పొద్దుననగా ఆ ముసలాయన ఇంట్లో వంటకు కూర్చున్నాను. నాలుగు వందల మందికి అన్నం. ఆ ఇల్లు పళ్లెం వినిపించే మేరలోనే ఉంది. పళ్లెం మోగలేదు. పొద్దు గుంకే వేళకు ఇంటికి వస్తే ఎర్రమట్టి, పేడ వాసనతో ఇల్లంతా కొత్తగా ఉంది. మూలన కొత్త నీళ్ల కుండ, దాని కింద కొత్త ఇసుక, తడిపి చదును చేసి ఉంది.

"అత్తా, డబ్బా?"

"ఇసకలోనే ఉండాది. నేనే పెట్టినా."

"చూసినావా?"

"చూసినా. నీళ్ల మాదిరి ఉండాయి. నీ ఎంచుడు నువ్వు ఎంచుకో, లేకపోతే నిద్రపోవు గదా."

డబ్బా తీసి, నల్లగుడ్డ మీదుగా వేళ్లతో తడిమి ఎంచాను. ఆరు ఉన్నాయి. గుడ్డ విప్పకూడదన్నది నేను పెట్టిన కట్టుబాటే కదా. తిరిగి పూడ్చాను. మా తోడికోడలు పొయ్యి దగ్గర కూర్చుని వెనక్కి తిరిగి చూడలేదు.

గురువారం పొద్దున బండెక్కాను. అబ్బాయి నా ఒడిలో ఉన్నాడు. అత్త వాకిట్లో నిలబడి, "మా పొట్టి వదినతో చెప్పు, ఈత మరిచిపోలేదని" అంది. సరుగుడు తోపు దాటాక నేను వెనక్కి తిరిగి వింటూనే ఉన్నాను. ఎద్దు గంట తప్ప ఇంకేమీ వినపడలేదు.

"ఏంది వింటుండావు?" అన్నాడు మా ఆయన.

"ఏంలేదు."

స్టేషనులో మమ్మల్ని రైలెక్కించి ఆయన తిరిగిపోయాడు. మనుబోలులో దిగేసరికి తమ్ముడు ఉన్నాడు. మా అమ్మ వాకిట్లో మంచం మీదే ఉంది. సగానికి సగం అయిపోయింది, చేతులు మాత్రం అవే. అత్త చెప్పిన మాట చెప్పాను. నవ్వితే నొప్పి అని పొట్ట పట్టుకుని నవ్వింది. "అది ఇప్పటికీ మునుగుతాది, నాకు తెలుసు" అంది. రెండు రోజులు ఆమె తల దువ్వాను, గంజి తాపాను, పక్కనే పడుకున్నాను. శనివారం మధ్యాహ్నం పక్కింట్లో ఎవరో పళ్లెం జారవిడిచారు. నేను లేచి నిలబడి చీర కుచ్చెళ్లు పట్టుకుని ఉన్నాను. అమ్మ నన్ను చూసి, "కూర్చో" అంది.

ఆదివారం పొద్దున బావగారు వచ్చాడు. ఆయన వాకిలి బయటే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. అప్పుడే తెలిసింది.

మా తోడికోడలు నాకు చెప్పింది ఇది. శుద్ధి రోజు పాత కుండ తీసి పారేసి, పాత ఇసుక గంపకెత్తుతుంటే డబ్బా బయటపడింది. రేకు సామాను కనుక నల్లగుడ్డ మూటతో సహా ఇత్తడి చెంబుల పక్కన పంచలో పెట్టింది. మూత తీసి, డబ్బా తోమి, మూట పక్కన ఎండలో వేసింది. మైల సామాను ఎండ తగిలితేనే శుద్ధి. మే నెల ఎండ, నల్లగుడ్డ. పొద్దున నుంచి మూడో జాము దాకా అక్కడే ఉంది. అత్త చూసి మూట విప్పింది. ఆరు ఆంప్యూళ్లనూ ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. మళ్లీ చుట్టింది.

"అంతా నా వల్లే అత్తా, దాన్ని పిలవనా? అని అడిగినా" అంది తోడికోడలు. "పిలిస్తే నీ నాలిక కోస్తా అనింది. కొత్తవి తెచ్చేదానికి ఇంకో మూడు దినాలు, అప్పటికి ఇంకొకటి ఏదో అడ్డం వస్తాది, అది పోవాల అనింది. సూది లేకుండా తొమ్మిదేళ్లు ఈడ్చినా, నాలుగు దినాలు ఈడ్చలేనా? అనింది. మీ ఆయన రేపు కావలికి పొయ్యి తేవాలని మాత్రం చెప్పింది. ఆయన నిన్ను రైలెక్కించి వచ్చి, శుక్రవారం పోదామనుకునేసరికి తెప్ప దించమన్నారు. శనివారం కూడా సముద్రంలోనే ఉండాడు."

శనివారం మధ్యాహ్నం నెత్తళ్ల దుమ్ముకు మొదలైంది. అత్త తనే సిరంజి మరిగించమని చెప్పింది. తనే వేసుకుంది. పావుగంట చూసింది, మిగతా సగం వేసుకుంది. రెండోది విరిచి అదీ వేసుకుంది. చెయ్యి వణకలేదట, గుండె దడ రాలేదట. దడ రాకపోవడం చూసి ఆమెకే తెలిసిపోయిందట. మంచం మీద రోడ్డు దాకా మోసుకుపోతుంటే దోవలో పోయింది. తోడికోడలు మాత్రం మొదలైనప్పటి నుంచి పళ్లెం బాదుతూనే ఉందట. ఎందుకని నేను అడగలేదు.

మిగిలిన నాలుగు ఆంప్యూళ్లు ఎండలోకి తీసుకుపోయి చూశాను. లేత టీ డికాషను రంగు.

మళ్లీ మైల. పదకొండు రోజులు మనుబోలు గడప తొక్కకూడదు. మా అమ్మ పదో నాడు, మే ఇరవై అయిదున, సోమవారం పోయింది. అత్త నిజం చెప్పి నన్ను ఆపి, అయినా ఆ శనివారమే పోయి ఉంటే, ఆ రెండున్నర రోజులు కూడా నాకు దక్కేవి కావు. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేసినా అంతే వస్తుంది.

పోయినవి ఇవి. మా అత్త, యాభై ఎనిమిదేళ్లు. మా అమ్మ, యాభై రెండేళ్లు. ఆంప్యూళ్లు ఆరు, రెండు వాడినవి, నాలుగు పారబోసినవి. గాజు సిరంజి ఒకటి, మోసుకుపోయే దోవలో పగిలింది. తొలి కాన్పు పుట్టింటి పురుడు ఒకటి. కావలి వసారాలో గడియారం చూసిన రోజు నుంచి ఆ శనివారం దాకా ఐదు సంవత్సరాల ఆరు నెలలు, ఒక రోజు తక్కువ.